గాలి ఒక్క రాత్రే వస్తుంది, ఉప్పు రోజూ వస్తుంది: అక్కుపల్లిలో మా షెడ్డు, మా ఇల్లు నేర్పిన పాఠం



పైన వీడియో చూసినవాళ్లకి ఒక అనుమానం వచ్చే ఉంటుంది. ప్రతిసారీ జీవామృతం, ఘనజీవామృతం, జీడితోటలో ఆచ్ఛాదన గురించి చెప్పేవాడు ఈసారి నిచ్చెనెక్కి రేకులకు బోల్టులు బిగిస్తున్నాడేంటి అని. కారణం ఉంది. మనం ఏడాదంతా కష్టపడి విత్తనం దాచుకుంటాం, జీడిగింజలు ఎండబెట్టుకుంటాం, కొబ్బరి కురిడీలు పెట్టుకుంటాం. అవన్నీ ఉండేది ఒక కప్పు కింద. ఆ కప్పు పోతే పంట చేతికొచ్చీ రానట్టే. నాకు అలా రెండుసార్లు జరిగింది. రెండోసారి జరిగింది మాత్రం పూర్తిగా నా తప్పు వల్లే. మీలో ఎవరికీ ఆ రెండోసారి రాకూడదని ఇది రాస్తున్నాను.

మాది అక్కుపల్లి. వజ్రపుకొత్తూరు మండలం, శ్రీకాకుళం జిల్లా. ఇంటి నుంచి సముద్రం వినబడుతుంది. గాలి పడమరకి తిరిగితే ఆ రోజు తోటలో పని హాయిగా ఉంటుంది. తూర్పుగాలి అయితే సాయంత్రానికి కళ్లజోడు మీద సన్నటి తెల్లపొర. వేలితో తుడిచి నాలుకకి రాసుకుంటే ఉప్పు. ఈ ఉప్పుని గుర్తుపెట్టుకోండి. ఈ కథలో అసలు దొంగ అదే.

తిత్లీ రాత్రి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140, 150 కిలోమీటర్లు, ఊపులో 165 దాకా అని వాతావరణ శాఖ లెక్క. ఉద్దానంలో ఉన్నవాళ్లకి ఆ లెక్క అవసరం లేదు. తెల్లారి లేచి చూస్తే కొబ్బరిచెట్లు ఒకే దిక్కుకి దువ్వినట్టు పడి ఉన్నాయి. జీడిచెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. మా తాత నాటిన తోట అది.

షెడ్డు సంగతి చూడ్డానికి వెళ్లేసరికి గోడలు నిలబడే ఉన్నాయి. పైన ఆకాశం కనబడుతోంది. రేకులు రెండు పొలాల అవతల సరుగుడు తోటలో చుట్టుకుపోయి దొరికాయి. లోపల జీడిగింజల బస్తాలు నానిపోయాయి. అగ్రికల్చర్ డిప్లొమా చదివి, కొన్నాళ్లు బయట ఉద్యోగం చేసి, ఊరికొచ్చి గానుగ పెట్టుకుని రెండేళ్లు కూడా కాలేదు అప్పటికి.

అప్పుడు అందరం చేసిన పనే నేనూ చేశాను. వానలు ఆగేలోపు ఎలాగో కప్పు వేసేయాలి. దొరికిన రేకు, దొరికిన పైపు, దొరికిన మేస్త్రి. నాలుగు రోజుల్లో షెడ్డు మళ్లీ నిలబడింది. ఊళ్లో అందరికన్నా ముందు కప్పు వేశానని కొంచెం గర్వం కూడా.

కప్పు ఎందుకు ఎగిరిపోతుంది?

గాలి కప్పుని కిందకి నొక్కేస్తుందని మనం అనుకుంటాం. నిజానికి పైకి లాగుతుంది. వేగంగా వెళ్లే గాలి కప్పు మీదుగా దాటేటప్పుడు అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. అదే సమయంలో గాలి కొట్టేవైపు తలుపో కిటికీయో ఊడిందంటే లోపలికి దూరిన గాలి కప్పుని కింద నుంచి ఎత్తుతుంది. పైనుంచి లాగుడు, కింద నుంచి తోపుడు. రెండూ కలిస్తే రేకు గాలిపటం.

ఒక చిన్న లెక్క చెప్తాను. గాలి వేగం రెట్టింపు అయితే బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. గంటకు 150 కిలోమీటర్ల గాలి ఒక చదరపు మీటరు మీద చూపించే ఒత్తిడి సుమారు 100 కిలోల బరువుతో సమానం. పది అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పు రేకు రెండున్నర చదరపు మీటర్ల పైనే ఉంటుంది. అంటే రెండు వందల యాభై కిలోలకు పైగా. ఆ రేకు సొంత బరువు పదిహేను కిలోలు కూడా ఉండదు. తేడా అంతా మోయాల్సింది ఆ చిన్న హుక్కులే. అంచుల్లో, మూలల్లో, కొప్పు దగ్గర ఈ లాగుడు ఇంకా ఎక్కువ. అందుకే ఎప్పుడు చూసినా కప్పు లేవడం మూల నుంచే మొదలవుతుంది.

మన పాతవాళ్లకి ఈ లెక్క రాకపోయినా సంగతి తెలుసు. మన తీరంలో ఉండే చుట్టిళ్లు గుర్తున్నాయా? గుండ్రటి గోడ, చుట్టూ వాలుగా దిగిన కప్పు, వంగితే గానీ లోపలికి వెళ్లలేనంత కిందకి ఉండే చూరు. గాలికి పట్టుకోడానికి మూల దొరకదు. మా నాయనమ్మ ఇల్లు అలాంటిదే. చిన్నప్పుడు ప్రతిసారీ చూరుకి తల కొట్టుకునేవాడిని.

గులాబ్ నేర్పిన అసలు పాఠం

2021 సెప్టెంబరు 26 సాయంత్రం గులాబ్ తుఫాను కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటింది. తిత్లీతో పోలిస్తే చిన్నది. గాలి గంటకు 75, 85 కిలోమీటర్లు. "ఇదేటి చేస్తాదిలే" అనుకుని పడుకున్నాం. అర్ధరాత్రి పెద్ద చప్పుడు. షెడ్డు తూర్పువైపు సగం కప్పు లేచిపోయింది.

నాకు అర్థం కాలేదు. గాలి వేగం తిత్లీలో సగం. నేను ఇందాక చెప్పిన లెక్క ప్రకారం బలం నాలుగో వంతు ఉండాలి. అంత చిన్న గాలికి ఎందుకు పోయింది?

పొద్దున్న కింద పడిన హుక్కులు ఏరి చూశాను. 8 మిల్లీమీటర్ల హుక్కు రేకుని దాటే చోట అగ్గిపుల్లంత అయిపోయింది. చేత్తో వంచితే విరిగింది. పైన నట్టు బాగానే ఉంది, కింద కొక్కెం బాగానే ఉంది. మధ్యలో, రబ్బరు వాషర్ కింద, కంటికి కనబడని చోట మూడేళ్లు ఉప్పునీరు నిలబడి తినేసింది. తూర్పువైపు రేకులే పోయి, పడమర రేకులు ఎందుకు ఉన్నాయో కూడా అప్పుడు అర్థమైంది. సముద్రపు గాలి తగిలే వైపు ఉప్పు ఎక్కువ.

మన పొలంలో చీడ సంగతి కూడా ఇంతే కదా. చెట్టు పడిపోయిన రోజు వచ్చింది గాలి. కానీ వేరుని తిన్న పురుగు ఎప్పుడో వచ్చింది. షెడ్డుని గులాబ్ కూల్చలేదు. మూడేళ్ల ఉప్పు కూల్చింది, గులాబ్ తోసిందంతే.

రెండోసారి కట్టినప్పుడు ఏం మార్చాను

వీడియోలో 4వ నిమిషం నుంచి ఇదే చూపించాను. ఇక్కడ వరసగా రాస్తున్నాను, మీ మేస్త్రికి చదివి వినిపించండి.

1. కప్పు ఆకారం. ముందు ఒకవైపు వాలు ఉండేది. ఇప్పుడు నాలుగు వైపులా వాలు. వాలు మరీ పడుకోబెట్టినట్టు ఉండకూడదు. 22 నుంచి 30 డిగ్రీలు మంచిది. అంటే అడ్డంగా పది అడుగులకు నాలుగు నుంచి అయిదు ముప్పావు అడుగుల ఎత్తు.

2. చూరు. వానజల్లు పడకూడదని మూడడుగులు ముందుకు లాగుతాం. గాలికి అది పిడిలాంటిది. ఒకటిన్నర అడుగు మించనివ్వకండి. ఇంకా నీడ కావాలంటే పంచని వేరే కప్పుగా వేసుకోండి. పోతే పంచ ఒక్కటే పోవాలి, ఇంటి కప్పుని లాక్కుపోకూడదు.

3. హుక్కులు. జె హుక్కు గట్టిగా లాగితే కొక్కెం విప్పుకుంటుంది. యు బోల్టు పైపుని రెండు వైపులా పట్టుకుంటుంది కాబట్టి విప్పుకోదు. అంచులు, మూలలు, కొప్పు దగ్గర అడుగుకి ఒకటి చొప్పున యు బోల్టులు వేశాను. అంచు వెంబడి రేకుల మీద ఇనుప పట్టీ పరిచి, దాని మీదుగా బోల్టు బిగించాం. అప్పుడు లాగుడు ఒక్క చిన్న రంధ్రం మీద పడదు.

4. ఏ బోల్టు? షాపులో తళతళ మెరిసేవి చూసి మోసపోకండి. వాటి మీద జింకు పూత చాలా పల్చన. హాట్ డిప్ గాల్వనైజ్డ్ అని అడగండి. అవి బూడిదరంగులో, కొంచెం గరుకుగా, అందం లేకుండా ఉంటాయి. ధర ఎక్కువే. నా షెడ్డు మొత్తానికి లెక్కేస్తే ఆ తేడా ఒక జీడిగింజల బస్తా ధర కూడా కాలేదు.

5. గొలుసు. ఇదే అన్నిటికన్నా ముఖ్యం. రేకు పైపుని పట్టుకోవాలి. పైపు దూలాన్ని పట్టుకోవాలి. దూలం గోడని, గోడ పునాదిని పట్టుకోవాలి. ఎక్కడ ఒక్క లంకె తెగినా మిగతా ఖర్చంతా దండగ. నా మొదటి షెడ్డులో దూలం గోడ మీద ఊరికే కూర్చోబెట్టి రెండు తాపీల మాలు వేశారు. ఇప్పుడు గోడల పైన చుట్టూ కాంక్రీటు బెల్టు పోసి, అందులోంచి లేచిన ఊచలకు ప్లేటు వేసి దూలాన్ని బోల్టులతో కట్టేశాం. మూలల్లో ఊచలు పునాది దాకా దిగాయి.

6. తలుపు. సముద్రం వైపు ఉన్న పెద్ద తలుపుకి అడ్డంగా పెట్టే ఇనుప కమ్మీ చేయించాను. తుఫాను హెచ్చరిక రాగానే అది పెట్టేస్తాం. తలుపు నిలబడితే కప్పు సగం నిలబడినట్టే.

పశువుల షెడ్డు ఉన్నవాళ్లకి ఒక మాట. మూత్రం నుంచి లేచే అమ్మోనియా ఆవిరి కూడా జింకు పూతని తింటుంది. మనకి పైనుంచి ఉప్పు, కింద నుంచి అమ్మోనియా. జీవామృతం డ్రములు, గోమూత్రం డబ్బాలు రేకుల కిందే మూసి ఉన్న గదిలో పెట్టకండి. గాలి ఆడే చోట, చెట్టునీడన పెట్టుకోండి.

ఇక మా ఇల్లు

షెడ్డు అయిపోయింది కదా అని ఊపిరి పీల్చుకున్నాను. ఆ మరుసటి ఏడాది వేసవిలో ఒక మధ్యాహ్నం అమ్మ ముందుగదిలో నులకమంచం మీద పడుకుంది. టీ పెట్టడానికి లేచి వంటగదిలోకి వెళ్లింది. వెనక ధబ్‌మని చప్పుడు. శ్లాబు నుంచి తట్టెడంత పెచ్చు ఊడి సరిగ్గా తలగడ మీద పడింది.

ఆ తలగడ మేం పారేయలేదు. ఇప్పటికీ అటక మీదే ఉంది.

ఆ శ్లాబు ఇల్లు మా నాన్న కట్టారు. మా వీధిలో అప్పటికి ఉన్న శ్లాబు ఇళ్లు ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పూరింట్లో పుట్టిన మనిషి, తుఫాను వచ్చిన ప్రతిసారీ పిల్లల్ని ఎత్తుకుని ఎవరింటికో పరిగెత్తిన మనిషి. శ్లాబు వేసిన రోజు వీధి మొత్తానికి భోజనం పెట్టారట. ఇసుక మాత్రం దగ్గర్లోనే తెచ్చారు. నది ఇసుక తేవాలంటే బండి ఖర్చు. తీరంలో ఇసుక ఎవరినీ అడగక్కర్లేదు. ఆ రోజుల్లో మా దగ్గర చాలామంది అలాగే కట్టుకున్నారు.

అంతకు రెండేళ్ల ముందు కూడా అదే గదిలో చిన్న పెచ్చు ఊడితే నేను సిమెంటు మాలు పూసి, పుట్టీ పెట్టి, రంగు వేయించాను. ఇప్పుడు ఊడింది ఆ అతుకు కాదు, దాని పక్కనుంచి. ఈసారి మా మేస్త్రి బాబాయ్ సుత్తితో శ్లాబు అంతా మెల్లగా కొట్టుకుంటూ వెళ్లాడు. కొన్ని చోట్ల టంగ్ టంగ్ అంది. చాలా చోట్ల డొల్ల చప్పుడు. కిందకి దిగి, "బాబూ, పైకి బాగానే అగుపడతాంది గానీ లోపలంతా పోయింది. రంగేసి దాచీకు. ఇంజనీరుకి సూపించు" అన్నాడు. పని పోయినా ఫర్వాలేదని నిజం చెప్పిన మేస్త్రి దొరకడం అదృష్టం.

శ్లాబు లోపల ఏం జరుగుతుంది

మంచి కాంక్రీటు క్షార గుణంతో ఉంటుంది. ఆ క్షారం ఉన్నంతకాలం లోపలి ఊచ చుట్టూ సన్నటి రక్షణ పొర ఉంటుంది, తుప్పు పట్టదు. ఉప్పులోని క్లోరైడు ఆ పొరని చిల్లు పొడుస్తుంది. తుప్పు మొదలైతే ఇనుము పరిమాణం పెరుగుతుంది. అసలు ఇనుముకి రెండు నుంచి ఆరు రెట్ల చోటు కావాలి ఆ తుప్పుకి. చోటు లేక కాంక్రీటుని పగలగొట్టుకుని బయటకొస్తుంది. అదే మనం చూసే పెచ్చు.

ఉప్పు రెండు దార్లలో వస్తుంది. ఒకటి కట్టేటప్పుడే ఇసుకలో, నీళ్లలో కలిసి రావడం. రెండోది కట్టాక గాలితో వచ్చి పగుళ్లలోంచి దిగడం. మా ఇంట్లో రెండూ జరిగాయి.

అందుకే అతుకు నిలబడదు. ఒకచోట తుప్పు గీకి కొత్త మాలు పెడితే ఆ ముక్క వరకు ఊచ బాగుంటుంది. పక్కన పాత కాంక్రీటులో ఉప్పు అలాగే ఉంటుంది కాబట్టి తుప్పు అతుకు అంచుల్లో ఇంకా వేగంగా మొదలవుతుంది. ఒకటి రెండు చోట్లే పోయి, మిగతా శ్లాబు గట్టిగా ఉంటే అతుకు పనికొస్తుంది. అప్పుడు కూడా ఊచ వెనక్కి దాకా చెక్కి, మెరిసేదాకా గీకి, తుప్పు నిరోధక పూత వేసి, రిపేరు మోర్టారుతో నింపాలి. శ్లాబు మొత్తంలో ఉప్పుంటే అతుకుల మీద పెట్టిన డబ్బు సముద్రంలో పోసినట్టే.

మనమే చేసుకోగల రెండు పరీక్షలు

డిప్లొమాలో మట్టి, నీరు పరీక్షలు చేసినవాణ్ణి కదా, ఆ చదువు ఇక్కడ పనికొచ్చింది.

మొదటిది ఇసుకకి. సాగునీరు చూసుకోడానికి చాలామంది దగ్గర ఇప్పుడు ఈసీ మీటరు ఉంటోంది. ఒక గ్లాసు ఇసుకకి రెండు గ్లాసుల డిస్టిల్డ్ వాటర్ కానీ మంచి తాగునీరు కానీ పోసి, సీసాలో అయిదు నిమిషాలు బాగా గిలక్కొట్టండి. తేరాక పైనీళ్లలో మీటరు పెట్టండి. ముందే ఆ నీటి రీడింగు విడిగా రాసుకోండి. నది ఇసుకతో కూడా ఇలాగే చేసి పక్కపక్కన పెట్టి చూడండి. నది ఇసుకకి రీడింగు కొంచెమే కదిలింది. తీరం ఇసుకకి ఎన్నో రెట్లు ఎగిరింది. ఇది ల్యాబు రిపోర్టుకి బదులు కాదు. కానీ లారీ దింపించుకోవాలా వెనక్కి పంపాలా అని తేల్చుకోడానికి చాలు.

కలిపే నీటిని కూడా వదలొద్దు. మన తీరంలో బోర్లు చాలావరకు ఉప్పు. ఊచలు ఉన్న కాంక్రీటుకి నీళ్లలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని ఐఎస్ 456 ప్రమాణం చెబుతుంది. నోటికి ఉప్పగా తగిలే నీటిని కాంక్రీటుకీ వాడకండి, తర్వాత శ్లాబు మీద నిలబెట్టడానికీ వాడకండి.

రెండోది పాత కాంక్రీటుకి. ల్యాబులో వాడే ఫినాఫ్తలీన్ ద్రావణం గుర్తుందా? అప్పుడే చెక్కిన తాజా కాంక్రీటు మీద చుక్కలు వేస్తే, క్షారం మిగిలి ఉంటే గులాబీరంగు వస్తుంది. మా ముందుగదిలో ఊచల దాకా రంగు రాలేదు. ఒక హెచ్చరిక: రంగు వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండకండి. ఉప్పు ఎక్కువగా ఉంటే గులాబీరంగు వచ్చే కాంక్రీటులో కూడా ఊచ తుప్పు పడుతుంది.

నాన్నతో మాట్లాడటం

ఇంజనీరు వచ్చి చూశారు. ముందుగది శ్లాబు తీసేయక తప్పదన్నారు. ఊచలు చాలా చోట్ల సన్నబడిపోయాయి. కొన్నిచోట్ల ఊచకి కింద అర అంగుళం కాంక్రీటు కూడా లేదు. వెనక గదులది కూడా అదే దారి, కొంచెం ఆలస్యంగా. గోడలు మాత్రం ఉంచొచ్చన్నారు. గోడలో ఇనుము లేదు కాబట్టి ఉప్పు వల్ల పూత ఊడుతుంది తప్ప గోడ కూలదు.

ఈ మాట నాన్నకి ఎలా చెప్పాలో తెలియక వారం రోజులు తిరిగాను. చెప్పాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పూరింట్లో పుట్టినాను. శ్లాబు కింద పోదామనుకున్నాను. మళ్లీ రేకులేటిరా?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. అమ్మే ఆ పాత తలగడ తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. ఏమీ అనలేదు.

చివరికి మేం చేసింది ఇది. వెనక గదుల శ్లాబు తీసేసి, గోడల మీద కాంక్రీటు బెల్టు వేసి, షెడ్డుకి చెప్పిన పద్ధతిలోనే నాలుగు వాలుల రేకుల కప్పు వేశాం. ముందుగది ఒక్కదానికి కొత్త శ్లాబు. చిన్నదే, కానీ పద్ధతిగా వేసింది. తుఫాను రాత్రి ఇంటిల్లిపాదీ ఆ గదిలో ఉంటాం, విత్తనాల డబ్బాలతో సహా. నాన్నకి ఆయన శ్లాబు ఉంది.

శ్లాబు పగలగొట్టడం మనం చేసుకునే పని కాదు. కింద సపోర్టులు పెట్టి, అనుభవం ఉన్నవాళ్లతో, ఇంజనీరు చెప్పిన వరసలో చేయించాలి. ఇది మాత్రం పొదుపు చేయొద్దు.

కొత్త శ్లాబుకి మేం పాటించినవి:

- తీరప్రాంతంలో గాలికి బయటపడే కాంక్రీటుకి ఐఎస్ 456 చెప్పేది కనీసం ఎం30 గ్రేడు, ఊచ మీద 45 మిల్లీమీటర్ల కవరు. మన దగ్గర మామూలుగా వదిలేది 15, 20. మేస్త్రులు "అంతెందుకు బాబూ" అంటారు. పట్టుబట్టండి.
- ఎం30 అంటే తట్టలతో కొలిచి కలిపేది కాదు. ఇంజనీరు చేత మిక్సు డిజైను రాయించుకోవాలి.
- 50 కిలోల సిమెంటు బస్తాకి నీళ్లు 22 లీటర్లు మించకూడదు. ఇసుకలో ఉన్న తడి కూడా ఆ లెక్కలోనే. జారుడు చాలకపోతే ప్లాస్టిసైజర్ వేయండి, నీళ్లు పోయకండి. శ్లాబు పోసిన రోజు నేను బకెట్టు దగ్గరే నిలబడ్డాను.
- స్లాగ్ సిమెంటు వాడాం. ఉప్పుని లోపలికి దిగనివ్వడంలో అది మామూలు సిమెంటు కన్నా గట్టిది. కానీ మెల్లగా గట్టిపడుతుంది కాబట్టి కనీసం 10 రోజులు తడి ఆరకూడదు. మేం 14 రోజులు మంచినీళ్లు పట్టాం.
- ఊచల కింద రాళ్లముక్కలు పెట్టనివ్వలేదు. కవరు బ్లాకులు ముందే పోసి పెట్టుకున్నాం.

గోడల ఉప్పుకి మన పద్ధతి ఉంది. పొంగిన సిమెంటు పూత గీకేసి, ఉప్పుని పొడి బ్రష్షుతో దులిపేయాలి. కడగకూడదు. కడిగితే ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది. వేసవంతా ఆరనిచ్చి సున్నం మాలుతో పూత వేశాం. బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపే పాత పద్ధతి మా మేస్త్రి బాబాయ్‌కి తెలుసు. సున్నం పూత గోడని ఊపిరి పీల్చుకోనిస్తుంది. కొన్నేళ్లకి ఆ ఉప్పు పూతలోకే వచ్చి అది రాలుతుంది, మళ్లీ వేసుకోవాలి. గోడ మాత్రం నిలబడుతుంది. పెయింటు వేసి మూసేస్తే లోపల చెమ్మ ఎక్కడికీ పోలేక ఇటుకనే తింటుంది. నేలని ప్లాస్టిక్‌తో కప్పితే ఏమవుతుందో మనకి తెలుసు కదా, గోడకీ అంతే.

పడిపోయిన కొబ్బరిచెట్లు కప్పయ్యాయి

తిత్లీలో పడిన చెట్లలో కొన్నిటిని అప్పుడే కోయించి పెట్టడం నేను చేసిన ఒక మంచి పని. ముందుగది తలుపు చట్రం, వెనక గదుల లోపలి వాసాలు వాటివే.

కొబ్బరి మొద్దుకి మామూలు చేవ ఉండదు. దానికి గట్టిదనం బయటివైపు, ముఖ్యంగా మొదలు దగ్గర. లోపలి గుజ్జు, పైభాగం మెత్తన. అందుకని ముదురు చెట్టు కింది భాగంలో, బయటి అంచు నుంచి వచ్చే నల్లచారల చెక్కనే బరువు మోయడానికి వాడాలి. చెట్టు పడిన కొద్దివారాల్లోనే కోయించాలి. నేలమీద వదిలేస్తే బూజు, పురుగు పడతాయి. పైగా అలా కుళ్లే మొద్దుల్లోనే కొమ్ముపురుగు గుడ్లు పెట్టి మిగిలిన తోటని నాశనం చేస్తుంది.

కోసిన చెక్కని నీడలో, మధ్యలో పుల్లలు పెట్టి పేర్చి ఆరబెట్టాం. లోపల వాడే చెక్కకి బోరిక్ యాసిడ్, బోరాక్స్ కలిపిన నీళ్లలో నానబెట్టడం మంచి పద్ధతి. వాన తగిలే చోట అది కడుక్కుపోతుంది. అక్కడికి మన పలాస మందే ఉంది: జీడితొక్కల నూనె. మత్స్యకారులు పడవలకి పూసేది అదే. చేతులకి గ్లౌజులు లేకుండా ముట్టుకోకండి. జీడిపిక్కలు ఒలిచిన ఆడవాళ్ల చేతులు చూసినవాళ్లకి ఎందుకో చెప్పక్కర్లేదు.

ఇంకో జాగ్రత్త. మన దగ్గర పాత సిమెంటు రేకులు చాలా ఉన్నాయి. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. విరిగిన ముక్కల్ని పొడిగా కొయ్యడం, ఊడవడం చేయకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకి ప్రమాదం. నీళ్లతో తడిపి, ముక్కుకి మాస్కు పెట్టుకుని, పగలకుండా దించండి. తోటలో దారులకి పరచకండి.

ప్రతి సెప్టెంబరు మొదటి ఆదివారం

తేదీలు చూడండి. ఫైలిన్ 2013 అక్టోబరు 12. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12. తిత్లీ 2018 అక్టోబరు 11. గులాబ్ సెప్టెంబరు 26. మన తీరానికి దసరా రోజులంటే పండగా అదే, పరీక్షా అదే. అందుకని మా ఇంట్లో సెప్టెంబరు మొదటి ఆదివారం కప్పు పండగ. నాన్న కుర్చీ వేసుకుని కింద కూర్చుని లెక్క రాస్తారు, నేను పైకెక్కుతాను.

- సముద్రం వైపు ఒక వరస నుంచి నాలుగైదు బోల్టులు విప్పి, వాషర్ కింద సన్నబడ్డాయా చూడాలి. బయట నుంచి చూస్తే తెలియదు, విప్పాల్సిందే. ఒకటి పోతే ఆ వరసంతా మార్చాలి.
- ఎండిపోయిన వాషర్లు మార్చాలి.
- శ్లాబు ఉన్నవాళ్లు కింద నుంచి కర్రతో కొట్టి వినాలి. డొల్ల చప్పుడు వచ్చిన చోట సుద్దతో గీత గీసి తేదీ వేయాలి. వచ్చే ఏడాదికి గీత దాటిందంటే ఇంజనీరుని పిలవాలి. ఈలోపు దాని కింద మంచం వేయొద్దు.
- తలుపు కమ్మీలు, గడియలు సరిగ్గా పడుతున్నాయా చూడాలి.
- కప్పు మీదకి వాలిన కొబ్బరిమట్టలు, ఎండుకొమ్మలు కొట్టేయాలి.

నిచ్చెన కింద ఒక మనిషి లేకుండా ఎక్కకండి. తడి రేకు మీద అసలు ఎక్కకండి.

ఈ ఏడాది పైకెక్కి తూర్పువైపు అయిదు బోల్టులు విప్పాను. నాలుగు బాగున్నాయి. అయిదోదానికి వాషర్ కింద సన్నటి ఎర్రగీత. కిందకి చెప్పాను. నాన్న పుస్తకంలో రాసుకుని, "ఆ వరస మార్చీయ్. వచ్చే ఏడాది దాకా ఆగకు" అన్నారు. మార్చేశాను. వీడియో చివర్లో మీరు చూసింది అదే.